పరస్థానం పెట్టిన బ్యాగు

సరోజమ్మ ఇంటి తలుపుకు వేలాడుతున్న తాళం ఇత్తడిది, అరచేతిలో పట్టనంత ఉంది, దాని కడుపు మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంది, ఇన్నేళ్లుగా ఎదురింట్లోనే బతుకుతూ ఆ ఏనుగును ఇవాళే మొదటిసారి చూస్తున్నానని సాయమ్మకు అప్పుడే తట్టింది. ఏనుగు తొండం పైకెత్తి ఉంది. నువ్వన్న ఎత్తినవు తల్లీ, అనుకుంది. తలుపుకు అవతల, నడింట్లో, జొన్నల గుమ్మి పక్కన ఆమె బ్యాగుంది. అందులో ఎండ దేశానికీ, మంచు దేశానికీ, వాన దేశానికీ, పొద్దు గుంకని దేశానికీ సరిపడా బట్టలున్నాయి. తలుపుకు ఇవతల, అరుగు మీద, కట్టుకున్న చీరతో ఆమె ఉంది. తాళంచెవి సరోజమ్మ మొలకు ఉంది, సరోజమ్మ కొల్లాపూర్ దవాఖానలో నొప్పులు పడుతున్న బిడ్డ పక్కన ఉంది, ఆ చెవి తేవడానికి సాయమ్మ చిన్నకొడుకు గోపి మోటారుసైకిల్ మీద పోయి చాలాసేపయింది. విత్తనాల సంఘం ఆఫీసులో పనిచేసే మాలతి జీపు తీసుకుని వనపర్తిలో ఈపాటికి బయల్దేరే ఉంటుంది. పాత విత్తనాల గురించి అక్కడి దేశాల్లో చెప్పడానికి సంఘం పంపుతున్న పయనం, అర్ధరాత్రి దాటాక హైదరాబాదులో విమానం. గోపి ముందొస్తే బ్యాగుతో యూరపు, జీపు ముందొస్తే... అక్కడి నుంచి ఆలోచన ముందుకు పోలేదు, తొండమెత్తిన ఏనుగు దగ్గరికే తిరిగొచ్చి కూర్చుంది.

తప్పెవరిదంటే ఎవరిదీ కాదు, మంగళవారానిది. మంగళవారం ఊరు దాటితే పోయిన పని పోయినట్టే ఉంటుందని ఈ చుట్టుపక్కల పుట్టిన అందరికీ తెలుసు, తెలియనిది విమానానికే. అందుకే సరోజమ్మ పోయిన వారమే చెప్పింది, "సముద్రాలు దాటి పోతుండవు సాయమ్మా, మంగళారం ఎట్ల ఎల్లుతవు? సోమారం పొద్దుగాల మంచి గడియుంది, బ్యాగు తెచ్చి నా ఇంట్ల పరస్థానం పెట్టు. తెల్లారి నా ఇంటికాడికెల్లే బయలెల్లు. సోమారం పోయినట్టే లెక్క." మంచి గడియకు మనిషి కదలలేకపోతే సామానైనా కదలాలి, పొరుగింట దిగాలి, ఒకసారి గడప దాటిన ఆ సామాను మళ్లీ సొంతింటికి రాకూడదు, మనిషి ఆ పొరుగింటి నుంచే దాన్ని తీసుకుని దారి పట్టాలి. సాయమ్మ తల్లి పెంటమ్మ కూడా వలసకు పోయే ముందు ప్రతిసారీ ఇట్లాగే మూటను ముందు పంపేది. కాబట్టి సాయమ్మ మారు మాట్లాడలేదు, పైగా లోలోపల సంబరపడింది కూడా, ఎందుకంటే కొత్త కోడలిగా ఈ ఊరికొచ్చిన రోజుల్లో ఇదే అరుగు కింద నిలబడి, కొంగు పట్టి, పైనుంచి పోసిన కూలి గింజలు పట్టుకుపోయేది. నిన్న సరోజమ్మ తన చేతులతో బ్యాగందుకుని నడింట్లోకి తీసుకుపోయింది. సాయమ్మ గడప దగ్గరే ఆగింది. సరోజమ్మ ఆగమనలేదు, రమ్మనీ అనలేదు. మనిషికన్నా ముందు బ్యాగు పోయింది లోపలికి, పోనీలే, అందులో ఉన్నవి నా చీరలే కదా అనుకుంది. తెల్లారేసరికి కొల్లాపూర్ నుంచి కబురు, బిడ్డకు నెల ముందే నొప్పులు, సరోజమ్మ మొగుణ్ని వెంటబెట్టుకుని మొదటి బస్సుకు ఉరికింది, ఆ పరేషాన్లో ఇంటికి తాళమేయడం గుర్తుంది గానీ బ్యాగు గుర్తులేదు. ఎవరికి మాత్రం గుర్తుంటుంది, సాయమ్మకైనా ఉండేది కాదు.

గడ్డపార భుజాన వేసుకుని భర్త కిష్టయ్య అరుగు ముందు ఇంతకు ముందే రెండుసార్లు నిలబడ్డాడు, ఇప్పుడు మళ్లీ వచ్చాడు. అది ఎన్నో రాష్ట్రాల నేలను పొడిచిన గడ్డపార, పట్టుకునే చోట నున్నగా మెరుస్తుంది. తాళం వైపు చూసే చూపులోనే అతడు దాన్ని సగం ఊడబెరికేశాడు.

"ఒక్క పోటు పొడిస్తె ఊడొస్తది. నీకు బ్యాగు కావాల్నా వద్దా?"

"నా బ్యాగును నమ్మి ఇంట్ల పెట్టుకున్నదయ్యా ఆమె. బిడ్డ కాన్పుల ఉన్నది. తిరిగొచ్చి తలుపు పలిగి ఉంటే ఏమనుకుంటది?"

"ఏమనుకుంటది, సాయమ్మ యూరపు పోయిందనుకుంటది."

"జర గడ్డపార అవతల పెట్టి కూసో. పాపమంటుకుంటది."

అతడు కూర్చోలేదు, గడ్డపార గోడకానించి, బీడీ వెలిగించి, కొల్లాపూర్ దారి వైపు మొహం పెట్టి నిలబడ్డాడు. నెల రోజులుగా ఊరంతటికీ "మా ఆడది ఇమానమెక్కుతుంది" అని చెప్పుకుని తిరిగినవాడు, ఇంట్లో మాత్రం "నువ్వు పోతే రొట్టెలెవలు జేస్తరు" అని సణిగినవాడు. ఇప్పుడు ఆమెకన్నా అతడికే ఎక్కువ కాళ్లాడడం లేదు. ఎక్కడ వేసిన గొంగడి అక్కడే అన్నట్టు ఆమె మాత్రం అరుగు మీద నుంచి లేవలేదు, లేవకూడదు కూడా, సామానున్న ఇంటి దగ్గర నుంచే కదా బయల్దేరాలి. మృగశిర కార్తె మొదలై మూడు పూటలైంది, గాలి కదలడం లేదు, పాన్‌గల్ గుట్ట మీద మబ్బులు కుప్పబడుతున్నాయి, మెడ వెనక చెమట కారుతోంది. ఈ చెమటలో కూర్చుని మంచు దేశానికి స్వెటర్ లేదే అని దిగులుపడటం తనకే విచిత్రంగా అనిపించింది.

ఆ స్వెటర్ ఎర్రటిది. మాలతి కొనిపెట్టింది. ఎంత నేర్పుగా సర్దించింది ఆ పిల్ల, సంఘం ఆఫీసులో చాపేసి, బ్యాగు నడుమ పెట్టి, బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పింది, "పెద్దమ్మా, ఒక్క దేశంల ఉండం. రైళ్లు మారుడు, మెట్లెక్కుడు దిగుడు, ఎవల బ్యాగు వాళ్లే మోసుకోవాలె. ఆడ కూలోళ్లు దొరకరు." దొరకకపోవడమేంది బిడ్డా, మేమే కూలోళ్లం గద వస్తున్నది, అని సాయమ్మ అంటే ఆఫీసంతా నవ్వింది, మాలతి అందరికన్నా ఎక్కువ నవ్వింది. చీరను మడత పెట్టొద్దంది, చుట్టమంది. చాప చుట్టినట్టు చుట్టితే ముడతా పడదు, చోటూ మిగులుతుంది. మందపుది ఒకటి తీసుకుపోతే అది మంచుకే పనికొస్తుంది, పల్చటివి నాలుగు తీసుకుపోతే ఒకదాని మీద ఒకటి తొడిగి మంచుకు, ఒక్కొక్కటే విప్పుకుంటూ ఎండకు. బూట్ల లోపల మేజోళ్లు కుక్కాలి, ఖాళీ చోటంటూ ఉండకూడదు. ఇంత మడత పెడితే ఇంతే అయిపోయే వాన కోటు ఒకటుంది, దాన్ని చేతిలోకి తీసుకుని సాయమ్మ ఊదితే కదిలింది, ఇది వానను ఆపుతుందా, ఎవరు నేశారమ్మా దీన్ని అని దాని కుట్లను వేళ్లతో తడిమింది. జీవితంలో మొదటిసారి బూట్లు తొడుక్కుని ఆఫీసు వరండాలో అటూ ఇటూ నడిచింది, కాళ్లు తనవి కానట్టున్నాయి, నేల ఎక్కడుందో కాళ్లకు తెలియడం లేదు. విత్తనాలు మాత్రం తేవద్దంది, వేరే దేశంలోకి రానివ్వరట. మరి కొర్రల గురించి, పచ్చజొన్న గురించి, అంత దూరం పోయి వట్టి నోటితో ఎట్లా చెప్పాలి? "నోటితోనే చెప్పు పెద్దమ్మా, నేను వాళ్ల మాటల్ల చెప్త" అంది. బ్యాగు ఎత్తి చూస్తే పొలానికి తీసుకుపోయే సద్దిమూట పాటి కూడా లేదు. నాలుగు దేశాల వాతావరణం ఇంతలో పట్టిందా అని సాయమ్మ బ్యాగు వైపు చాలాసేపు చూసింది.

ఆ రోజే మాలతి నేల మీద సుద్దముక్కతో దేశాలు గీసింది. ఇది రోము, ఇక్కడ ఎండ మన దగ్గరలాగే. ఇది స్విట్జర్లాండు, ఇక్కడ ఎండాకాలంలోనూ కొండల మీద మంచుంటుంది. ఇది హాలండు, ఇక్కడ వాన ఎప్పుడు పడుతుందో ఎప్పుడు పోతుందో తెలియదు, నేల సముద్రంకన్నా కిందికి ఉంటుంది, సముద్రాన్ని కట్ట కట్టి ఆపారు. ఇది నార్వే, ఇక్కడ మనం పోయే రోజుల్లో పొద్దు గుంకదు. ఒక్కో మాటా సాయమ్మ లోపల ఒక్కో బండలా పడింది. పొద్దు గుంకకపోతే కోళ్లు గూట్లోకి ఎప్పుడు పోతాయి? ఆవు పాలెప్పుడిస్తుంది? కూలివాళ్లను మేస్త్రి ఎప్పుడు విడిచిపెడతాడు? ఈ చివరిది పైకే అడిగింది, మాలతి గడియారం చూపించింది. సముద్రాన్ని ఆపిన కట్ట గురించి అడిగింది, ఆ మన్ను మోసిందెవరు బిడ్డా అని. జూరాల కట్టకు తాను తట్టలు మోసింది కాబట్టి మన్ను బరువు తనకు తెలుసు, అది నది, వీళ్లది సముద్రం, ఎన్ని నెత్తులు, ఎన్ని తట్టలు, ఎవరి ఆడవాళ్లు, వాళ్లూ ఎక్కడి నుంచో మూటలు కట్టుకుని వచ్చారా. ఆ పగలంతా, మర్నాడు కలుపు తీస్తున్నప్పుడూ, ఆ తర్వాత అన్నం కలుపుతున్నప్పుడూ, ఒకే భూమి మీద ఒకే రోజున ఒకచోట మనిషి వడదెబ్బ తగిలి పడుతుంటాడు, ఒకచోట మంచులో కాలు దిగబడుతుంటుంది, ఒకచోట పొద్దుకు నిద్రే రాదు అన్న సంగతి ఆమెను వదల్లేదు. ఇంత పెద్దదా ఇది, ఇంత పెద్దదాన్ని చేసినవాడు పాన్‌గల్ పక్కన ఈ రాళ్ల చెలకను కూడా మరిచిపోకుండా చేశాడా అని అన్నం ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచింది. కోడలు ధనలక్ష్మి "ఏందత్తా, ఉప్పెక్కువైందా?" అని అడిగింది.

సర్దడమంటే సాయమ్మకు కొత్త కాదు. పుట్టినప్పటి నుంచి సర్దుకుంటూనే ఉంది. తల్లి పెంటమ్మకు ముందు పుట్టినవాళ్లెవరూ దక్కకపోతే, ఆమెను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఇంత తవుడిచ్చి కొనుక్కున్నారట, అందుకే ఆ పేరు. ఒంటి మీద గుడ్డ కూడా లేకుండా మొదలైన బతుకే నాది, బరువేముంది అని నవ్వేది. వలసకు పోయేటప్పుడు పాత చీరలన్నీ కలిపి కుట్టిన బొంతను నేల మీద పరిచేది, అదే సంచి, దిగిన చోట అదే పరుపు, చలికి అదే కప్పు. బొంత నడుమ రొట్టెల పెనం, పెనం మీద సట్టి, సట్టిలో జొన్నపిండి, పిండిలో గుంట చేసి ఉప్పు పొట్లం, మిరపకాయలు. పెనాన్ని నాలుగుసార్లు తట్టి చూసేది, మోగితే చోటు మిగిలినట్టు, మోగకపోతే సర్దుకున్నట్టు. సాయమ్మకు తాను మోయగలిగినంత చిన్న మూట. ముందురోజు పొరుగింట పరస్థానం, తెల్లారి అక్కడి నుంచి మూట నెత్తికెత్తుకోవడం. మాలతి ఒకదాని మీద ఒకటి తొడుక్కోమన్నప్పుడు సాయమ్మకు తల్లే గుర్తొచ్చింది, ఎందుకంటే మంచు కొండల దగ్గర తల్లి చేసిందీ అదే, ఉన్న చీరలన్నీ ఒకదాని మీద ఒకటి కట్టుకుని, జొన్నకంకిలా లావుగా నడిచేది. ఈ పిల్లకు ఎవరు చెప్పారో, తల్లికి ఎవరు చెప్పారో, చలి ఒక్కటే అందరికీ ఒకే పాఠం చెప్పి ఉంటుంది.

గద్వాల స్టేషను గుర్తుంది, రైలు చీకట్లో వచ్చేది, మూటలు కిటికీల్లోంచి తోసేవారు, మనుషులు తలుపుల్లోంచి. ఎక్కడికి పోతున్నారో మేస్త్రికి తెలుసు, మిగిలినవాళ్లు పోతున్నారు. బొంబాయిలో సముద్రం ఒడ్డున రాళ్లు పోసే పనికి పోయి, ఎండాకాలమంతా సముద్రం పక్కనే ఉండి, సముద్రాన్ని చూడలేదు. వినేది. రాత్రీ పగలూ పెద్ద చేటతో ఎవరో చెరుగుతున్నట్టు వినపడేది. పాదాల దగ్గరికి వచ్చి పోయే నీళ్లు మాత్రం చూసేది, నురుగూ, చిన్న గవ్వలూ. నెత్తి మీద రాళ్ల తట్ట ఉంటే చూపు పాదాల ముందు మూడడుగులే పడుతుంది. "తట్ట నెత్తి మీదున్నప్పుడు కండ్లు కాళ్ల మీదుండాలె" అని తల్లి మాట, అది తిట్టు కాదు, దీవెన లాంటిది, అట్లా ఉన్నవాళ్లే బతికి వచ్చేవారు. కాలువలు తవ్వారు, అందులో నీళ్లెప్పుడొచ్చాయో తెలియదు. కట్టలు పోశారు, గేట్లెప్పుడు బిగించారో తెలియదు. రోడ్లేశారు, తారు ఆరకముందే మూట కట్టారు. ఒకసారి పెళ్లికి పోతూ బస్సులోంచి జూరాల గేట్ల నీళ్లు కనిపిస్తే, బస్సు ఆపమని అడగడానికి నోరు రాలేదు, మెడ తిప్పి తిప్పి చూసింది, నొప్పెట్టింది. ఇంత తిరిగినదానివి ఏం చూసినవ్ అని ఎవరన్నా అడిగితే ఏమీ చెప్పలేకపోయేది, కాళ్లు చూసిన, అనేది.

ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ ఎవరికీ చెప్పలేదు. హిమాలయాల దిక్కు సొరంగం పని, మేస్త్రి పేరు మాసయ్య, చెడ్డవాడని కాదు గానీ పని మీద కన్ను. ఒంటికి ఈడొచ్చీ రానట్టున్న వయసు తనది. మంచు కురిసి ఆగిన పొద్దున, సొరంగంలోంచి రాళ్ల తట్ట నెత్తిన పెట్టుకుని బయటికొస్తోంది, వెనక తల్లి, ముందు ఇంకో ఆమె, వరస. ఉన్నట్టుండి నేల మీద మంచు రంగు మారింది. తెల్లగా ఉండేది, మోదుగు పువ్వు నీళ్లు చల్లినట్టయింది. తన పాదాలు కూడా ఆ రంగయ్యాయి. ఎక్కడి నుంచి వచ్చింది ఈ రంగు అని, తల్లి మాట మరిచిపోయి, తలెత్తింది. కొండ. ఏడాదిగా దాని కిందే వండుకుని తిన్నారు, దాని కడుపులోనే తవ్వారు, అది అంత ఎత్తుందని తెలియదు. మెడ ఎంత వెనక్కి వంచినా ఇంకా ఉంది. పైకొసన పొద్దు తగిలి, నిప్పంటుకున్నట్టు, కానీ పొగ లేదు, చప్పుడు లేదు, వేడి లేదు, అంత పెద్ద మంట అంత నిశ్శబ్దంగా. తట్ట ఎప్పుడు పడిందో తెలియదు, రాళ్లు దొర్లిన చప్పుడుకు వరసంతా ఆగింది, మాసయ్య అరిచాడు, ఆ పూట కూలి పోయింది. మళ్లీ తట్ట నెత్తికెత్తారు. మళ్లీ పాదాలు. పాదాల మీది రంగు మెల్లగా పోయి తెల్లబడింది, పైన ఏం జరుగుతుందో తెలియలేదు.

ఆ సాయంత్రం పొయ్యి ముందు తల్లి కొడుతుందనుకుంది. పెంటమ్మ కొట్టలేదు, తిట్టలేదు, రొట్టె తట్టుతూ తట్టుతూ, పిండి చేతులు ఆపి, చాలా మెల్లగా అడిగింది, "ఏం జూసినవే?" సాయమ్మ చెప్పబోయింది. మాట రాలేదు. కొండమ్మా, అంది. మంటమ్మా, అంది. ఎంత పెద్దగుందంటే, అని చేతులు చాపింది, అవి గుడిసె గోడలకు తగిలాయి. తల్లి ఆ చేతుల వైపే చూసింది. "గట్లనా" అంది. కొంచెంసేపటికి, "నేను జూడలే" అంది. రేపు జూద్దువు గానీ అని సాయమ్మ అంది. రేపు మబ్బేసింది, ఎల్లుండి మంచు పడింది, తర్వాత పని ఆగి అందరినీ పంపించేశారు, మూట కట్టుకుని దిగేటప్పుడు కొండ వీపు వెనకుంది, నెత్తి మీద బొంత మూట, వెనక్కి తిరిగి పైకి చూడటం ఎట్లా కుదురుతుంది? చాలా ఏళ్ల తర్వాత, ఇక లేవననుకున్న జ్వరంలో పెంటమ్మ, "సాయీ, గా కొండ మంట ఎట్లుండె?" అని అడిగింది, అప్పుడూ సాయమ్మకు చెప్పడం రాలేదు. తల్లి పోయింది. ఏడాది పాటు కొండ కింద బతికిన మనిషి, తలెత్తి కొండను చూడకుండానే పోయింది.

అందుకే సంఘంలో "ఎవలు పోతరు?" అని అడిగినప్పుడు, సుద్దముక్క గీతల్లో మంచు కొండల పేరు వినగానే, ఆమె చెయ్యి దానంతటదే లేచింది. ఊళ్లో మాత్రం వేరే చెప్పింది. విత్తనాల సంగతి చెప్పాలె గద, సంఘం మాట గద, కాదంటే బాగుండదు గద అంది. ఆశపడుతున్నట్టు తెలిస్తే నవ్వుతారని భయం, ముసలితనంలో మంచు చూడాలనే ఆశేందని. కడుపు కోసం పోయిన దారులు ఎన్నో ఉన్నాయి, చూడటం కోసం పోయే దారి ఇదొక్కటే, ఇదే మొదటిది, ఇంకోటి రాదు. ఆ కొండా ఈ కొండా ఒకటి కాదని ఆమెకు తెలుసు. అయినా మంచే కదా, పొద్దే కదా. ఒకరోజు పొద్దున్నే లేచి, ఎర్ర స్వెటర్ వేసుకుని, కొండ ముందు నిలబడాలి, మంట అంటుకున్న దగ్గర్నుంచి ఆరేదాకా చూడాలి, ఎవరూ అరవకుండా చూడాలి, బాగా చూసుకుని, మాటలు వెతుక్కుని, అమ్మకు చెప్పాలి. ఆ చెప్పడం ఎవరికి వినిపిస్తుందో తెలియదు గానీ చెప్పాలి.

ధనలక్ష్మి చాయ తెచ్చింది. గ్లాసు అరుగు మీద పెట్టి, తాళాన్ని ఒకసారి గుంజి చూసింది, అందరూ గుంజి చూస్తున్నారు, దారిన పోయేవాళ్లు కూడా.

"అత్తా, ఇంక గోపి రాకుంటే పోకు. పరస్థానం ఇడిసిపెట్టి పోతే పయనం పయనమేనా? కట్టుబట్టలతోని మంచుల ఎట్లుంటవు? మల్లోసారి పోవచ్చు."

మల్లోసారి. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగదు, గోపి వచ్చేదాకా విమానం ఆగుతుందా. కోడలు చెప్పింది తప్పేమీ కాదు. ఒకే చీరతో పరాయి దేశపు మనుషుల ముందు రోజూ నిలబడాలి, రాత్రి తడిపి తెల్లారేసరికి ఆరితే ఆరినట్టు. చలి సంగతి తనకు తెలియనిది కాదు, ఆ సొరంగం దగ్గర తోటిపిల్ల కాలివేళ్లు నల్లబడి రాలిపోవడం కళ్లతో చూసింది. పరస్థానం వదిలేసి పోతే ఏమవుతుందో ఎవరూ చూడలేదు, ఎవరూ అట్లా పోలేదు కాబట్టి. ఉండిపోతే ఎవరూ తప్పుపట్టరు, గాచారమంటారు. రేపు విత్తడానికి పొలంలో గొర్రు కడతారు, ఎల్లుండికి ఈ సంగతే మరుస్తారు. ఉండిపోవడం ఎంత తేలికగా ఉందంటే, దాని తేలికకే ఆమెకు భయం వేసింది. తట్ట మళ్లీ నెత్తికెత్తినట్టనిపించింది, పాదాల దగ్గర అరుగు రాయి కనిపిస్తోంది, రాతి మీద చీమల బారు, చీమలు కూడా తలమీద ఏదో మోసుకుపోతున్నాయి, వాటికి సరోజమ్మ ఇంటి ఎత్తెంతో తెలుసా.

హారన్ మోగింది. కిష్టయ్య రెండడుగులు ముందుకేసి చూసి, బీడీ కింద పడేశాడు. మోటారుసైకిల్ కాదు. తెల్ల జీపు వీధి మలుపు తిరిగి, దుమ్ములేపి, సరోజమ్మ ఇంటి ముందే ఆగింది, మాలతి దూకి దిగింది, భుజానికి ఫైలు సంచి, అందులోనే సాయమ్మ పాస్‌పోర్టు.

"పెద్దమ్మా, తయారా? బ్యాగేది?"

సంగతి ధనలక్ష్మి చెప్పింది, కిష్టయ్య దాన్నే మళ్లీ చెప్పాడు. మాలతి తాళం వైపు చూసింది, గడియారం వైపు చూసింది, ఆమె కూడా తాళాన్ని ఒకసారి గుంజింది. కిష్టయ్య గడ్డపార అందుకున్నాడు. "పెద్దమ్మా," అంది మాలతి, గొంతు తగ్గించి, "ఇంక ఆగలేం. నా దాంట్ల రెండు స్వెటర్లున్నయి. చీరలు ఇద్దరం పంచుకుందాం. బూట్లు హైదరాబాద్‌ల కొందాం. నువ్వు ఊ అను, చాలు. వద్దంటే కూడా నేనేం అనుకోను."

సాయమ్మ లేచింది. తలుపుకు ఎదురుగా నిలబడి, తాళం మీది ఏనుగును బొటనవేలితో ఒకసారి తడిమింది. బ్యాగు సోమవారమే మంచి గడియలో బయల్దేరింది, దాని దారి అది చూసుకుంటుంది, సరోజమ్మ నడింట్లో చల్లగా కూర్చుంటుంది, నేనెన్నడూ పోని చోటికి పోయింది కదా. "ఏమయ్యా, గడ్డపార ఇంట్ల పెట్టు. సరోజమ్మొచ్చినంక బ్యాగు ఆడనే ఉండనీయమను, వచ్చి తీస్కుంట," అంది. "మంగళారమే పోతున్న."

అని అరుగు దిగి, కిష్టయ్య భుజం మీది తువ్వాల లాగింది, రెండు చేతులతో గిర్రున మెలి తిప్పి, చుట్ట చుట్టి నెత్తి మీద కుదురుగా పెట్టుకుని, మోకాళ్లు కొంచెం వంచి, చేతులు పైకి చాపి నిలబడింది. బయల్దేరిన ప్రతిసారీ ఆమె చేసినదదే, బరువు కింద నెత్తి నొవ్వకుండా చుట్టబట్ట పెట్టుకుని, మూట ఎవరన్నా ఎత్తుతారని ఆగడం. చేతులు గాలిలో ఉన్నాయి. ఎత్తడానికి ఎవరూ రాలేదు. మూట లేదు. కిష్టయ్యకు ముందు అర్థమైంది, నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నాడు, ధనలక్ష్మి ఫక్కున నవ్వింది, మాలతికి అర్థం కాలేదు. సాయమ్మ ఖాళీ చేతులు కిందికి దించుకుంది. నెత్తి మీద ఏమీ లేదు, అసలేమీ లేదు, మెడకు అది నమ్మశక్యం కావడం లేదు, బరువు ఇప్పుడో ఇంకాసేపట్లోనో వచ్చి పడుతుందని నరాలు ఇంకా బిగబట్టుకునే ఉన్నాయి. అట్లా వంగి చూస్తున్న కళ్లకు పాదాలు కనిపించాయి. పాదాల కింద దుమ్ము, ఎప్పుడూ ఉండే ఎర్ర దుమ్ము, దాని రంగు మారుతోంది. మోదుగు పువ్వు నీళ్లు చల్లినట్టు అవుతోంది. జీపు తెల్ల బానెట్ ఆ రంగైంది, మాలతి చేతులు ఆ రంగయ్యాయి. సాయమ్మ తలెత్తింది. చుట్టబట్ట జారి వెనక్కి పడింది.

పాన్‌గల్ గుట్ట మీద మృగశిర మబ్బు. గుట్ట మీద గుట్ట, దాని మీద ఇంకో గుట్ట, మెడ ఎంత వెనక్కి వంచినా ఇంకా ఉంది, కొసన వాలిన పొద్దు తగిలి, పొగ లేకుండా, చప్పుడు లేకుండా అంటుకుంది. ఈ గుట్ట కింద ఇన్నేళ్లు వండుకుని తిన్నది. ఇది రోజూ ఇక్కడే ఇట్లా మండి ఉంటుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, నీళ్లలో మంట ఇంకా పెద్దదైంది. ఇదేనమ్మా. ముందు కొసన అంటుకుంటది, మెల్లగ దిగుతది, అంచులకు బంగారం పూసినట్టుంటది, నడుమ మోదుగు పువ్వు, కింద ఊదా రంగు, ఇగో ఇప్పుడు ఊదా రంగు ఎక్కుతుంది, చూడు. మాటలు వస్తున్నాయి. అప్పుడు రాని మాటలు ఒకటి వెనక ఒకటి వస్తున్నాయి.

"పెద్దమ్మా, ఆలస్యమైతుంది, ఎక్కు," అంది మాలతి.

"జర ఆగు బిడ్డా," అంది సాయమ్మ, తల దించకుండానే. "చూస్తున్న."

మాలతి ఆమె మొహం వైపు చూసింది, తర్వాత ఆమె చూస్తున్న వైపు చూసింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు.